చలి చూడని పలకరాయి

ఆ ఉదయం ఓబులేసుకు కాఫీ రాలేదు.

ఇంట్లో ఉన్న లోటాలు, గ్లాసులు అన్నీ నట్టింట్లో చాప మీదికి చేరాయి. వాటి ముందు వెంకటసుబ్బులమ్మ బాసింపట్టు వేసుకొని కూర్చుంది. పక్కన కోడలు పద్మజ. కాఫీ పోయడానికి వంటింట్లో ఒక్క లోటా మిగల్లేదు.

ఓబులేసు గడప దాకా వచ్చాడు. చూశాడు. ఏమీ అడగలేదు. నిన్న సాయంత్రం నుంచి అతను ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు.

"మామకు కాఫీ ఇయ్యాల గదా అత్తా" అంది పద్మజ.

"నోరు తెరిచి అడిగితే ఇస్తా. అడగమను."

ఓబులేసు వెనక్కి తిరిగిపోయి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు.

నిన్న సాయంత్రం వెంకటసుబ్బులమ్మ ఫోన్లో తమ్ముడితో అన్న మాట వీధిలో పోయేవాళ్లకు కూడా వినపడింది. "నువ్వు రా నరేంద్రా. ఈసారి దొంగచాటు లేదు, మేకల దొడ్డి లేదు. నట్టింట్లో కుర్చీ వేసి, మంచి గాజు గ్లాసులో నేనే పోసిస్తా. తాగు. తాగినాక నా చేతి అన్నం తిని పో."

ఆ మాట విన్న ఓబులేసు చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకొని భార్య వైపు చూశాడు. మందు సీసా ఆ ఇంటి గడప ఎప్పుడూ దాటలేదు. దాటనియ్యనిది కూడా ఆమే. ఒకసారి కొడుకు మహేష్ స్నేహితుడు బీరు సీసా సంచిలో పెట్టుకొని వస్తే, సంచితో సహా పేడదిబ్బ మీదికి విసిరింది. ఆ మనిషి ఇప్పుడు తనే పోసిస్తానంటోంది.

అప్పుడు మూసిన నోరు అతను మళ్లీ తెరవలేదు.

"తాగినా పరవాలేదా అత్తా నీకు?" పద్మజ మెల్లగా అడిగింది.

వెంకటసుబ్బులమ్మ ఒక లోటా తీసి కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"అమ్మ, నాయన పోయినాక నాకు పుట్టిల్లంటే వాడొక్కడే పద్మజా. పోయినేడు అమ్మవారి కొలుపులకు వచ్చినోణ్ని మీ మామ ఏం చేసినాడు? చేతికి ప్లాస్టిక్ గ్లాసు ఇచ్చి మేకల దొడ్డి చూపిచ్చినాడు. మిలిటరీలో హవల్దారు చేసినోడు. మేకల మధ్య కూర్చొని తాగి, అన్నం ముట్టకుండా గిద్దలూరు బస్సెక్కినాడు. 'మనుషులు కూర్చునే చోట నాకు చోటు లేదా అక్కా' అన్నాడు. అంతే. ఇంకో మాట అనలేదు."

"ఫోన్ చేస్తనే ఉండాడు గదా."

"ఫోన్లో అన్నం తింటాడా? ఈరోజు కంభంలో పెండ్లికి వచ్చినాడు గాబట్టి సాయంత్రం ఇటు వస్తానన్నాడు. ఈసారి కూడా తినకుండా పోతే ఇంక రాడు. వాడి సంగతి నాకు తెలుసు. వాడూ నా మాదిరే."

పద్మజ చాప మీదున్న వాటిలో ఒకదాన్ని ముందుకు జరిపింది.

"ఈ స్టీలుది?"

"దీంట్లో పోస్తే మజ్జిగనుకొని గటగటా తాగేస్తాడు. రంగు కనపడాల."

"టీ గ్లాసు?"

"బస్టాండు అంగడి గుర్తొస్తాది."

"ఇది?" టీపొడితో ఉచితంగా వచ్చిన గ్లాసు. పొడుగ్గా ఉంది. దాని మీద గులాబీ పువ్వు.

వెంకటసుబ్బులమ్మ దాన్ని పైకెత్తి ఒక కన్ను మూసి లోపలికి చూసింది. "ఇంత పొడుగు గ్లాసులో అడుగున ఇంత పోస్తే, ఎండాకాలం బాయిలోకి తొంగిచూసినట్టుంటాది. అక్క పీనాసిదనుకుంటాడు."

"నిండా పోస్తే?"

"నిండా పోస్తే పొద్దున దాకా లేవడు."

పద్మజ నవ్వు ఆపుకోలేకపోయింది. కాసేపటికి వెంకటసుబ్బులమ్మ కూడా నవ్వింది. బయట మంచం కిర్రుమంది. ఓబులేసు అటు తిరిగి కూర్చున్నట్టున్నాడు.

*

మహేష్ మార్కాపురంలో పలకరాళ్ల యార్డులో పని చేస్తాడు. ఆ పూట సెలవు పెట్టాడు. బజారుకు పోయి, నచ్చనిది తిరిగి ఇచ్చే మాట మీద రెండు రకాల గ్లాసులు పట్టుకొచ్చాడు. పొట్లం విప్పి తల్లి ముందు పెట్టాడు.

ఒకటి పొట్టిది. మూతి వెడల్పు. అడుగున గాజు రెండు వేళ్ల మందం ఉంది. రెండోది కిందికి సన్నని కాడ, మీద విచ్చీ విచ్చని మొగ్గ.

"ఇదేందిరా, దీపం బుడ్డి చిమ్నీ మాదిరి?"

"దీంట్లో పోస్తే వాసనంతా మూతి కాడికి వస్తాదంట. ఫోన్లో చెప్తుండారు. మందు తాగేది సగం ముక్కుతోనేనంట."

"ముక్కుతో తాగేదానికి నా తమ్ముడేమన్నా ఏనుగా?"

"నువ్వే చూడు మా."

వెంకటసుబ్బులమ్మ లేచి వంటింట్లోకి పోయింది. బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి సీసా పైకి తీసింది. మహేష్ నిన్న రాత్రి తెచ్చింది. సీసాకంటుకున్న బియ్యపు గింజలు రాల్చి, మూత తిప్పి, గరిటె పట్టినట్టు పట్టుకొని మొగ్గ గ్లాసులో ఒక చెంచాడు పోసింది. మొహం దగ్గరికి తెచ్చుకుంది.

టింగుమంది. ముక్కుపుడక గ్లాసుకు తగిలింది.

ఇంకో వైపు నుంచి ప్రయత్నించింది. మళ్లీ టింగుమంది. ముక్కు లోపలికి పోలేదు.

"నాదే పట్టలేదు. వాడి ముక్కు దీంట్లో పడతాదా? మాది ఒకే అచ్చు. వాడిది ఇంకా పెద్దది." గ్లాసు కింద పెట్టి పొట్టిదాంట్లో పోసింది. ఈసారి ముక్కు హాయిగా పట్టింది. కండ్లు మూసుకొని గాలి పీల్చింది. "బెల్లం పాకం మాడినట్టుండాది. పాత బీరువా తెరిచినట్టు కూడా ఉండాది."

"బాగుందా?"

"బాగుందని నేనెందుకంటా." అయినా మళ్లీ ఒకసారి పీల్చింది. తర్వాత గ్లాసును అరచేతిలో పెట్టుకొని పైకీ కిందికీ ఊపి చూసింది. "చేతిలో బరువుండాది. మర్యాద చేసినట్టుంటాది. ఇదే. ఆ చిమ్నీలు ఇచ్చేసి రా."

అట్లా గ్లాసు కుదిరింది. చల్లదనం దగ్గర మళ్లీ చిక్కొచ్చింది.

ఫ్రిజ్జు పైగదిలో ఐసు ట్రే ఉంది. కింది గదుల్లో ఇడ్లీ పిండి, చింతచిగురు, మేకలకు వెయ్యాల్సిన టీకా సీసాల పెట్టె. పద్మజ ట్రే వంచి ఒక ఐసుముక్క నాలుక మీద పెట్టుకొని వెంటనే ఉమ్మేసింది.

"బోరు నీళ్లు పోసినా అత్తా, మర్చిపోయి."

"ఉప్పుగా ఉండాదా?"

"ఊరగాయ పెట్టొచ్చు."

"డబ్బా నీళ్లతో పెట్టు మళ్లా."

"ఐసెందుకు మా" అన్నాడు మహేష్. "ఐసు కరిగే కొద్దీ మందు పలచబడతాది. మామ మిలిటరీ మనిషి. మొదటి గుక్క ఒక రుచి, చివరి గుక్క ఒక రుచి ఉంటే ఒప్పుకుంటాడా? ఇప్పుడందరూ రాళ్లు వేసుకుంటుండారు."

"రాళ్లా? గ్లాసులోనా?"

"చిన్న చిన్న చదరం ముక్కలు. ఫ్రిజ్జులో గడ్డకట్టినట్టు చల్లగా చేసి వేస్తారు. చల్లబరుస్తాయి, కరగవు. తాగినాక కడిగి మళ్లా పెట్టుకోవడమే."

"అయితే తెప్పియ్యి."

"బెంగుళూరు నుంచి రావాల. నాలుగు రోజులు పడతాది."

బయట మంచం మళ్లీ కిర్రుమంది. ఓబులేసు లేచి నిలబడ్డాడు. వాకిలిలో నుంచి కొడుకును ఒక చూపు చూశాడు. ఆ చూపును పద్మజ కూడా చూసింది. పలకరాయి పుట్టే మార్కాపురానికి బెంగుళూరు నుంచి రాయి రావాలా అని అడిగే చూపు అది. అడగలేదు. ఇంటి వెనక్కి పోయాడు.

కాసేపటికి అక్కడి నుంచి ఉలి చప్పుడు మొదలైంది.

*

వయసులో ఉన్నప్పుడు ఓబులేసు పలకల ఫ్యాక్టరీలో పని చేశాడు. మేకలు, చేను ఆ తర్వాత వచ్చాయి. పలకరాయి అతనికి ఇంట్లో మనిషి లాంటిది. ఆ ఇంట్లో తొట్టి మూత పలకరాయి. తులసికోట అరుగు పలకరాయి. పద్మజ చపాతీలు వత్తేది కూడా దాని మీదే. కుర్చీ కాలు ఊగితే కింద పెట్టేది కూడా ఒక పలకముక్కే.

వెంకటసుబ్బులమ్మ పెరటి తలుపు సందులో నుంచి చూసింది. అతను గొంతుక్కూర్చొని ఉన్నాడు. ముందు నల్లటి ముక్కలు, చింతగింజ కంటే కాస్త పెద్దవి. ఒక్కొక్కటీ తీసి ఆకురాయితో మూలలు అరగదీస్తున్నాడు. అరగదీసి పెదవికి ఆనించుకొని చూస్తున్నాడు. గరుకు తగిలితే మళ్లీ అరగదీస్తున్నాడు.

ఆమె లోపలికి పోయి పెద్ద లోటా నిండా కాఫీ పెట్టి తెచ్చింది. అడగకుండానే పక్కన పెట్టింది.

"రాళ్లు కొట్టినావు సరే. వాడొస్తే పలకరిస్తావా లేదా?"

ఓబులేసు కాఫీ ఊదుకున్నాడు.

"నిన్నే అడుగుతుండా. ఏం నరేంద్రా బాగుండావా అంటే నీ నోట్లో ముత్యాలేమన్నా రాలిపోతాయా?"

కాఫీ తాగాడు.

"తప్పు నీదయ్యా. ఇంటికొచ్చిన బామ్మర్దిని మేకల్లో కూర్చోబెడతారా ఎవరన్నా?"

ఓబులేసు తలెత్తి భార్య వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఆమె ఎదురుచూసింది. ఒక మేకపిల్ల వచ్చి అతని భుజం నాకింది. దాన్ని పక్కకు తోసి, నోరు మూసుకొని, మళ్లీ ఆకురాయి అందుకున్నాడు.

"నీతో ఇన్నేండ్లు ఎట్ల కాపురం చేసినానో నాకే తెలీదు" అని ఆమె లోపలికి పోయింది.

రాతిపొడి మందులో కలవకూడదని ఓబులేసు ఆ ముక్కల్ని గిన్నెడు నీళ్లలో వేశాడు. నీళ్లు నల్లగా అయితే పారబోసి మళ్లీ పోశాడు. నీళ్లు తేటగా నిలిచే దాకా అట్లాగే చేశాడు. మధ్యాహ్నం దాకా అవి నానాయి. తర్వాత తడిగానే తీసి, ఐసు ట్రే గుంటల్లో ఒక్కొక్కటీ అమర్చి, ఫ్రిజ్జు పైగది తలుపు వేశాడు. వేసి దాని మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

పద్మజ అత్త చెవిలో అంది. "చిన్నాయన కోసం మామ ఎంత కష్టపడుతుండాడో చూడు."

"ఆ చెయ్యి చేసేది నోటికి చెప్పుకోడం రాదు ఆ మనిషికి" అంది వెంకటసుబ్బులమ్మ. అంటూనే మాంసంలోకి మసాలా నూరడానికి కూర్చుంది.

*

పొద్దు వాలేసరికి మహేష్ బండి మీద నరేంద్ర వచ్చాడు. తెల్ల చొక్కా, గుబురు మీసం. దాని మీద వెంకటసుబ్బులమ్మ చెప్పిన ముక్కు. బండి దిగి వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

ఓబులేసు మంచం మీద నుంచి లేచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఓబులేసు చెంబుతో నీళ్లు అందించాడు. నరేంద్ర కాళ్లు కడుక్కున్నాడు.

"రా నాయనా, రా" అని వెంకటసుబ్బులమ్మ అతని చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కుపోయింది.

నట్టింట్లో కుర్చీ. కుర్చీ ముందు స్టూలు. దాని మీద పద్మజ కుట్టిన గుడ్డ. గుడ్డ మీద పళ్లెం, పళ్లెంలో పొట్టి గ్లాసు, సీసా, వేయించిన శనగలు. నరేంద్ర అన్నీ చూశాడు. కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాక కాస్త సర్దుకొని వెన్ను ఆనించాడు.

"ఏందక్కా ఇదంతా? పెండ్లిచూపుల మాదిరి."

"మాట్లాడొద్దు. కూర్చో."

పద్మజ ట్రే తెచ్చింది. రాళ్ల మీద తెల్లగా మంచు పట్టి ఉంది. వెంకటసుబ్బులమ్మ చెంచాతో మూడు ముక్కలు తీసి గ్లాసులో వేసింది. తర్వాత సీసా వంచింది. బంగారు రంగు రాళ్ల మీదుగా జారి అడుగుకు చేరింది. అందరూ అటే చూస్తున్నారు. ఓబులేసు గడప బయట నిలబడి లోపలికి చూస్తున్నాడు.

గ్లాసులో టిక్కుమంది.

మళ్లీ టిక్కు, టిక్కు.

మొదటి రాయి మధ్యలో చీలి తెరుచుకుంది. దాని లోపల ఇంకో పొర. ఆ పొర కూడా లేచింది. ఉల్లిపాయ విప్పినట్టు మూడు రాళ్లూ రేకులు రేకులుగా విడిపోయాయి. సన్నని నల్లటి పొడి పైకి లేచి గ్లాసంతా పాకింది. బంగారు రంగు పోయి బట్టలుతికిన నీళ్ల రంగు వచ్చింది.

వెంకటసుబ్బులమ్మ మొహం వాడిపోయింది. పోయినేడు ప్లాస్టిక్ గ్లాసు, ఈయేడు మురికి నీళ్లు. ఆమె తమ్ముడి మొహం చూసే ధైర్యం చెయ్యలేక స్టూలు మీది గుడ్డను చూస్తూ ఉండిపోయింది.

నరేంద్ర గ్లాసు పైకెత్తాడు. వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు. రెండు వేళ్లు పెట్టి ఒక రేకు బయటకు తీసి వేలి మీద రుద్దాడు.

"ఇది పలకరాయి."

"అవును" అన్నాడు మహేష్ నీరసంగా.

"తడి మీద ఫ్రిజ్జులో పెట్టినారా?"

"మధ్యాహ్నం దాకా నానబెట్టినాడు నాయన. దుమ్ము పోవాలని."

"బావా?"

"ఆయనే కొట్టినాడు. పొద్దున్నుంచీ."

నరేంద్ర గడప వైపు తిరిగాడు. ఓబులేసు చూపు దించుకున్నాడు. నరేంద్ర మీసం కదిలింది. భుజాలు కదిలాయి. గ్లాసు స్టూలు మీద పెట్టి, మోకాలి మీద చెయ్యి కొట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు. కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"పొరల రాయి బావా ఇది. పొరల్లో నీళ్లు దూరి గడ్డకడితే పగలక ఏం చేస్తాది? మిలిటరీలో నేను చేసిన చోట మంచుకు కొండలే ఇట్ల విచ్చుకొనేటివి. మార్కాపురం రాయి పుట్టినప్పటినుంచీ ఎండ చూసింది గానీ, చలి ఎప్పుడు చూసింది పాపం."

ముందు మహేష్ నవ్వాడు. తర్వాత పద్మజ. వెంకటసుబ్బులమ్మ కూడా నవ్వి కొంగుతో కండ్లు తుడుచుకుంది.

"ఐసు వేద్దునా చిన్నాయనా? డబ్బా నీళ్లతో గిన్నెలో పెట్టినా కొంచెం" అంది పద్మజ.

"ఐసా?" నరేంద్ర ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "అమ్మాయ్, ఆ మంచులో మేము తాగిందే చలి పోవాలని. వేడినీళ్లు కలుపుకొని తాగేటోళ్లం. అదే అలవాటు అయిపోయింది. మీరు పొద్దున్నుంచి పడిన కష్టమంతా నాకు పనికిరాని దానికే. కాసిని వేడినీళ్లు తే."

వెంకటసుబ్బులమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆ ముక్క ఫోన్లో చెప్పొద్దా రా?"

"నువ్వడగలేదు గదక్కా."

"మీ బావ మాదిరి తయారైనావు నువ్వు కూడా."

ఆ మాటకు నవ్వు కొంచెం ఆగింది. పద్మజ ఇంకో గ్లాసు కడిగి తెచ్చింది. వేడినీళ్లు వచ్చాయి. నరేంద్ర తనే పోసుకున్నాడు. శనగలు నాలుగు నోట్లో వేసుకున్నాడు. ఓబులేసు గడప బయటే ఉన్నాడు. లోపలికి రాలేదు, వెళ్లిపోలేదు. వెంకటసుబ్బులమ్మ ఒక కన్ను తమ్ముడి మీద, ఒక కన్ను మొగుడి మీద పెట్టి కూర్చుంది. ఈ నవ్వుతో అన్నం దాకా గడిస్తే చాలని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది.

తాగే ముందు పోయినవాళ్ల పేరు మీద చుక్కలు చల్లడం ఆ వైపు అలవాటు. నరేంద్ర గ్లాసులో వేలు ముంచి నేల మీద చిలకరించాడు.

"మా నాయనకు." ఇంకోసారి ముంచాడు. "మా అమ్మకు వద్దులే, తిడతాది. మా మామకు." ఓబులేసు తండ్రి అతనికి వరసకు మామ. చుక్కలు కుర్చీ పక్కన నేల మీద పడ్డాయి.

"మా నాయనకు ఈడ గాదు."

అందరూ తలతిప్పి చూశారు. మాట్లాడింది ఓబులేసు.

"ఏంది బావా?"

"మా నాయనకు చల్లాల్సింది ఈడ గాదు. ఆడ." చెయ్యి చాపి చూపించాడు. చెయ్యి పెరటి వైపు, మేకల దొడ్డి వైపు ఉంది.

నరేంద్ర మొహంలో నవ్వు పోయింది. వెంకటసుబ్బులమ్మ లేచి నిలబడింది.

"అయ్యో, మళ్లా ఆ దొడ్డి ఎందుకయ్యా ఇప్పుడు?"

ఓబులేసు ఆమె వైపు చూడలేదు. మాటలు ఒక్కొక్కటే, రాళ్లు ఎత్తి పెట్టినట్టు పెట్టాడు.

"దొడ్లో మూలకు ఒక బండ ఉండాది. మా నాయన దాని మీదనే కూర్చునేటోడు. సాయంత్రం పూట గ్లాసు పెట్టుకొని."

"మామ ఆడ అత్తకు భయపడి దాక్కొనేటోడు" అంది వెంకటసుబ్బులమ్మ.

"దాక్కోలేదు. ఆయనకు మేకల కాడనే బాగుండేది. ఎవర్నీ రానిచ్చేటోడు కాదు. నన్నొక్కణ్నే పక్కన కూర్చోబెట్టుకొనేటోడు. శనక్కాయలు ఒలిచి పెట్టేటోడు." ఓబులేసు ఊపిరి తీసుకున్నాడు. అంత పొడుగు మాట అతను ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. "ఆయన పోయినాక ఆ బండ మీద ఎవర్నీ కూర్చోనియ్యలేదు నేను. మహేషును కూడా. పోయినేడు దాన్ని కడిగి, నీకిచ్చినా."

నరేంద్ర గ్లాసు మీద చూపు పెట్టి కూర్చున్నాడు.

"అది తడిగా ఉండింది. నిజమే. నేను మేకలు పాడుచేసినాయేమో అనుకున్నా."

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు.

"ఆ ముక్క అప్పుడు చెప్తే నీ సొమ్మేం పోయింది బావా?"

"తెలుసనుకున్నా."

"నాకెట్ల తెలుస్తాది? మిలిటరీ నుంచి నేను వచ్చేటప్పటికి మామ లేడు. నేను ఆ కొండల్లో ఉంటిని."

ఓబులేసు తన చేతుల వైపు చూసుకున్నాడు. వేళ్ల సందుల్లో పలకరాతి పొడి ఇంకా నల్లగా ఉంది.

నరేంద్ర లేచాడు. గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. సీసా చంకలో పెట్టుకున్నాడు. నట్టిల్లు దాటి, వంటిల్లు దాటి, పెరటి తలుపు తీసుకొని బయటకు పోయాడు.

వెంకటసుబ్బులమ్మ మొగుడి మీదికి తిరిగింది. "మళ్లా పోతుండాడు. చూడు, మళ్లా పోతుండాడు. కుర్చీ వేసినా, గ్లాసు తెచ్చినా, నువ్వు మళ్లా దొడ్డి ఎత్తి..." ఆమె మాట పూర్తి కాకముందే పెరట్లో నుంచి గొంతు వినపడింది.

"అక్కా. అన్నం ఈడికే తే. బావది కూడా."

ఆమె తలుపు దగ్గరికి పోయి చూసింది. దొడ్డి మూలలో, మేకల మధ్య, పాత బండ మీద నరేంద్ర కూర్చొని ఉన్నాడు. ఒక పక్కకు ఒదిగి. రెండో పక్క ఖాళీగా ఉంది. ఒక మేక అతని తెల్ల చొక్కా అంచు నములుతోంది. అతను దాన్ని తోలడం లేదు.

ఓబులేసు లోపలికి వచ్చాడు. నరేంద్ర వచ్చినప్పటినుంచీ మొదటిసారి గడప దాటి నట్టింట్లోకి వచ్చాడు. మహేష్ తెచ్చిన పొట్లంలో నుంచి ఇంకో పొట్టి గ్లాసు తీసుకున్నాడు.

"నీకెందుకది?" అంది వెంకటసుబ్బులమ్మ.

అతను గ్లాసు కండువాతో తుడుచుకుంటూ పెరట్లోకి పోయాడు. ఆ మనిషి జన్మలో మందు నోట పెట్టి ఎరగడు.

పద్మజ, మహేష్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెంకటసుబ్బులమ్మ గబగబా రెండు పళ్లేల్లో అన్నం పెట్టింది. మాంసం కూర వేసింది. తమ్ముడి పళ్లెంలో ఎముకలున్న ముక్కలు ఏరి వేసింది. చేతులు వాటంతట అవే పని చేస్తున్నాయి. చెవులు మాత్రం పెరట్లోనే ఉన్నాయి.

అక్కడి నుంచి మాటలు వినపడుతున్నాయి. ఒకటే గొంతు. ఆగకుండా. అది తమ్ముడి గొంతు కాదు.

ఆమె రెండు పళ్లేలూ పట్టుకొని దొడ్లోకి నడిచింది. ఆమెను చూడగానే ఆ గొంతు ఆగింది. మసక చీకటి పడింది. ఇద్దరూ ఒకే బండ మీద భుజం భుజం ఆనించుకొని ఉన్నారు. నరేంద్ర పళ్లెం అందుకొని, అక్కడే, మేకల మధ్యనే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నములుతూ అక్క వైపు చూసి తల ఊపాడు.

ఆమె ఆ ముద్ద అతని గొంతు దిగేదాకా నిలబడి చూసింది. ఆ తర్వాతే మొగుడి చేతిలోని గ్లాసు మీదికి చూపు పోయింది. అందులో ఏదో ఉంది. ఆ వెలుతురులో రంగు తెలియడం లేదు.

"ఏమయ్యా, అందులో ఏముండాది?"

నరేంద్ర ఇంకో ముద్ద కలుపుకుంటూ పళ్లెంలోకి చూశాడు. ఓబులేసు భార్య వైపు చూశాడు. బండ మీద కాస్త పక్కకు జరిగాడు. జరిగిన చోటును అరచేత్తో తుడిచాడు.

"కూర్చో" అన్నాడు. "చెప్తా."